గడ్డంపట్టీ కింద

మా ఆయనకి భయపడటానికి కారణం అక్కర్లేదు, చేతిలో కొత్త వస్తువు ఒకటుంటే చాలు. గొడుగు కొనుక్కొచ్చి, దాన్ని బస్సులో ఎక్కడ మరిచిపోతానోనని ఇంట్లోనే పెట్టి, వానలో తడుస్తూ పనికి వెళ్ళిన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఇదంతా జాగ్రత్త అనుకుని మురిసిపోయాను. జాగ్రత్తకీ భయానికీ తేడా తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఆయన పని ఫర్నిచర్‌కి పాలిష్ వెయ్యడం. ఒక పెద్ద షాపు వెనక రేకుల షెడ్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉప్పుకాగితంతో రుద్దుతూ, గుడ్డ ఉండతో పూతమీద పూత వేస్తూ ఉంటారు. ఆయన చేతిలో పడ్డ టేబుల్‌లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే షాపులో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. పేరు ఎంత మెరుస్తుందో లోపల అంత గుబులు. ఎందుకంటే ఆయన దగ్గరికి బాగున్న వస్తువు రాదు. వేడి కప్పు పెట్టిన చోట తెల్లటి చక్రం పడ్డ బల్ల, కూర్చుంటే చొక్కా అంటుకుపోయే కుర్చీ, ఎండకి పొలుసులు లేచిన తలుపు, ఇలాంటివే వస్తాయి. దాంతో ఎంత కొత్త వస్తువు చూసినా, అది పాడై తన షెడ్డు ముందు దిగిన రోజే ఆయన కళ్ళకి కడుతుంది. మా ఇంట్లో భోజనాల బల్లకి మాత్రం ఇంతవరకూ పాలిష్ లేదు. వేస్తే గీతలు పడతాయట.

నాది కుట్టుపని. మిషను కిటికీ దగ్గర వేసుకుని జనాల పంట్లాములు పొట్టి చేస్తూ, నడుములు వదులు చేస్తూ ఉంటాను. నాకు భయపడే తీరిక లేదు. కోపం మాత్రం పని చేసుకుంటూ కూడా తెచ్చుకోవచ్చు, అంచేత అదే నాకు అలవాటైంది.

అలాంటి మా ఇద్దరికీ పుట్టిన పిల్ల వయొలిన్ పట్టుకుంది. బడిలో ఎవరో చేతికిస్తే పట్టుకుంది, మళ్ళీ దించలేదు. పదిహేనో ఏడు వచ్చేసరికి ఆ చిన్నసైజు వయొలిన్ మీద దాని వేళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. సంగీత పాఠశాల ప్రవేశపరీక్ష నెలలోపే ఉంది. పెద్దసైజు వయొలిన్ మీద వాయిస్తేనే పరీక్షకి కూర్చోనిస్తారని దాని మాస్టారు కబురు చేశారు. చదువులో అది అంతంతమాత్రం. ఈ పరీక్ష పోతే దాని ముందు ఇంకో తలుపు నాకు కనబడలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనలేదు గానీ, అన్నం తినేటప్పుడు ముగ్గురికీ అదే గొంతులో అడ్డం పడేది.

వయొలిన్లు చేసే ఆవిడ ఒకామె ఉంది. విరిగినవీ పగిలినవీ అతికించి బాగుచేస్తుంది కాబట్టి అందరూ ఆవిణ్ణి డాక్టరమ్మ అంటారు. వీధి నుంచి మెట్లు దిగి వెళ్ళాలి ఆవిడ గదికి. లోపల కిటికీకి అడ్డంగా తీగ కట్టి, దానికి వయొలిన్లు బట్టల్లా ఆరేసి ఉంటాయి. కొన్ని ఇంకా రంగు పడని తెల్లటివి. జిగురు, నూనె, చెక్కపొట్టు కలిసిన వాసన. మా ఆయన గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి, "లక్క కూడా ఉంది" అని నా చెవిలో అన్నారు. ఆ ఒక్క వాసనా చుట్టంలా తగిలినట్టుంది, కాస్త ధైర్యంగా లోపలికి నడిచారు.

డాక్టరమ్మ మా పిల్ల ముందు రెండు వయొలిన్లు పెట్టింది. ఒకటి ఎక్కడో కార్ఖానాలో తయారై వచ్చింది. రెండోది ఆవిడే చేసింది, కొత్తగా పూర్తయింది. మొదటిది చూడగానే మా ఆయన ముఖం విప్పారింది. దాన్ని కిటికీ వెలుతురుకి వాల్చి, కంటిని అంచు దాకా తెచ్చి చూశారు. కుంచె గీత లేదు, మూలల్లో వార్నిష్ గడ్డ కట్టలేదు. నోటితో ఆవిరి ఊది, అది ఎంతసేపటికి తేరుకుంటుందో చూశారు. గోటి వెనకవైపుతో మెల్లగా రాసి చూశారు. చివరికి బొటనవేలు ఆనించి నొక్కి, తీసి, వేలిముద్ర కోసం వెతికారు. ముద్ర పడలేదు.

"ఇదీ పనంటే," అన్నారు నాతో, గుసగుసగా. "దీనిమీద వేడి టీ ఒలికినా ఏం కాదు."

"టీ ఎవరు పోస్తారండీ దానిమీద?"

ఆయన రెండోదాన్ని అందుకున్నారు. దాని ఒళ్ళు మెరవడం లేదు. ఒకచోట ఎర్రగా, ఒకచోట తేనెరంగులో, పల్చగా ఉంది. చెక్కలోని గీతలు చేతికి తెలుస్తున్నాయి. మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఎవరి బిడ్డకో జ్వరముందని చెప్పలేక చెప్పేవాళ్ళలా ముఖం పెట్టారు.

"ఇంకో రెండు పూతలు పడాలి," అన్నారు, మళ్ళీ నా చెవిలోనే.

మా పిల్ల రెండూ వాయించింది. నాకు సంగీతం రాదు. అయినా మెరిసే వయొలిన్ ముక్కుతో మాట్లాడుతున్నట్టూ, మెరవనిది గొంతెత్తి మాట్లాడుతున్నట్టూ నాకే తెలిసింది. పిల్ల కమాను దించి, మెరవనిదాన్ని గుండెకి ఆనించుకుని నిలబడింది. ఇక దాన్ని లాక్కోవాలంటే పోలీసులు రావాలి.

డాక్టరమ్మ మాట్లాడేదే తక్కువ. "ఓ వారం ఇంటికి తీసుకెళ్ళండి," అంది. "రోజూ వాయించనివ్వండి. నచ్చకపోతే వెనక్కి తెచ్చెయ్యండి. ఇంకో ఇంటివాళ్ళు కూడా దీనికోసం చూస్తున్నారు, వారం ఆగమన్నాను. నేను చెప్పేది ఒకటే. తుడిస్తే పొడిగుడ్డతో తుడవండి. ఈ గడ్డంపట్టీ మాత్రం విప్పొద్దు. ఏం కావాలన్నా నా దగ్గరికి పట్టుకురండి."

గడ్డంపట్టీ అంటే వాయించేవాళ్ళు గడ్డం ఆనించుకోవడానికి వయొలిన్ అంచుకి బిగించిన నల్లటి కొయ్యముక్క. ఆ పేరు నేనూ అప్పుడే విన్నాను. మా ఆయన బుద్ధిగా తలూపారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు బాధ. వయొలిన్ పెట్టెని కిటికీ దగ్గర పెడితే ఎండ, పొయ్యి గోడకి ఆనిస్తే వేడి, స్నానాల గది పక్కన పెడితే తేమ. చివరికి బట్టల బీరువాలో పెట్టి, అక్కడ గాలి ఆడదేమోనని తలుపు ఓరగా ఉంచి, ఆ తలుపు దానిమీద పడుతుందేమోనని మధ్యలో దిండు పెట్టారు. పని మధ్యలో ఇంటికొచ్చి పెట్టె తెరిచి చూసి, మూసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయేవారు. నేను మిషను తొక్కుతూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒకరోజు బాగా ఉక్కపోసింది. పిల్ల వాయించుకుని, వయొలిన్‌ని పెట్టెలో పెట్టి పైన గుడ్డ కప్పి వెళ్ళింది. మధ్యాహ్నం ఆయన వచ్చి పెట్టె తెరిచారు.

"ఇదుగో, ఒకసారి ఇట్రా."

ఇల్లు అంటుకుంటే పిలిచే గొంతు అది. పరుగున వెళ్ళాను. వయొలిన్ వీపు మీద చిన్నచిన్న గళ్ళు పడి ఉన్నాయి. గుడ్డ నేత అచ్చుగుద్దినట్టు దిగింది. ఏ గుడ్డో కూడా చెప్పగలను, వయొలిన్ ఇంటికొచ్చిన రోజు పెట్టె లోపలికి నేను కుట్టిన మెత్తటి అస్తరే.

"ఎండలేదే," అన్నారు ఆయన. "లేదంటే ఎప్పటికీ ఎండని రకం. కుర్చీకి చొక్కా అంటుకున్నట్టు దీనికి పిల్ల మెడ అంటుకుంటుంది. పరీక్షలో అందరి ముందూ..."

"అయితే వెళ్ళి ఆవిణ్ణే అడగండి."

"అమ్ముకునేవాళ్ళు ఏమంటారు? బ్రహ్మాండంగా ఉందంటారు."

సాయంత్రానికి ఆ గళ్ళు చాలావరకు సర్దుకుపోయాయి. చూపించాను. ఆయనకి కనబడలేదు, లేదా కనబడటం ఇష్టం లేదు. అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఈ మనిషిని ఇలా వదిలేస్తే పీకల మీదకి తెస్తాడని నాకు ఆ క్షణంలోనే తోచింది. తోచినా ఏం చెయ్యను? మనిషిని బీరువాలో పెట్టి తాళం వెయ్యలేం కదా.

ఆదివారం పిల్ల మాస్టారింటికి వెళ్ళింది. నేను దారం కోసం బజారుకి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. ఆయన గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నారు. ముందు పాత పేపరు పరిచి ఉంది. దానిమీద గడ్డంపట్టీ, దాని మరలు, స్పిరిట్ సీసా, ఒక దూది ఉండ. దూదికి ఎర్రటి మరక.

"వేలు తెగిందా?" అన్నాను.

"నా వేలు కాదు," అన్నారు.

వయొలిన్ ఆయన ఒళ్ళో ఉంది. పట్టీ ఉండాల్సిన చోట, గోరంత మేర, రంగు పోయి చెక్క తెల్లగా కనబడుతోంది.

పాలిష్ పని నేర్చుకునేవాళ్ళకి మొదట చెప్పే పాఠం అదేనట. పైకి కనబడని చోట ఒక్క చుక్క స్పిరిట్ అద్దాలి. కరిగితే లక్క, కరక్కపోతే వేరే రకం. టేబుల్ అడుగునా తలుపు నెత్తినా ఆయన చెయ్యి ఆ పని ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. ఇక్కడ అలవాటుకి భయం కూడా తోడైంది.

"నువ్వు గుడ్డ కత్తిరించేముందు మూల తడిపి చూడవూ? అలాగే," అన్నారు.

"నేను తడిపేది కొన్న గుడ్డ. ఇది మీరు కొన్నదా?"

ఆయన దూది ఉండని పేపరు మూలలో చుట్టేశారు. అన్నాక నాకూ జాలేసింది, కానీ అన్నమాట అన్నమాటే.

కాసేపటికి లేచి చేతులు కడుక్కున్నారు. లక్క పెచ్చులు, రంగుపొడి, సన్నటి కుంచె తెచ్చుకున్నారు. నన్ను కిటికీ తెర పట్టుకోమన్నారు. నేను ఆ మణికట్టు వంక చూస్తూ నిలబడ్డాను. రోడ్డు దాటడానికి వణికే మనిషి చెయ్యి పనిలో దిగాక ఒక్కసారి కూడా చలించలేదు. పూత వెయ్యడం, ఊదడం, ఆగడం, రంగు సరిచూసి మళ్ళీ వెయ్యడం. చివరికి ఆ చోటు ఎక్కడో నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

"అయిపోయింది కదా," అన్నాను. "దేవుడికి కూడా కనబడదు. ఇక పట్టీ బిగించండి. దాంతోపాటు నోరు కూడా."

ఆయన పట్టీ మాత్రం బిగించారు.

పిల్ల వచ్చింది, వయొలిన్ తీసింది, గడ్డం ఆనించింది. కమాను తీగల మీద పెట్టబోతూ ఆగి ముక్కు ఎగబీల్చింది.

"నాన్నా, దీనికి జ్వరమొచ్చిందా? ఇంజెక్షన్ వాసనొస్తోంది."

అది హాస్యానికే అంది. ఆయన మాత్రం తేలుకుట్టిన దొంగలా అయిపోయారు. నేను అందుకుని, "నీ తండ్రి చొక్కాకి రోజూ ఉండే వాసనే కదే, వాయించుకో," అన్నాను. నా అబద్ధం ఇంకా గాలిలో ఉండగానే ఆయన మొత్తం చెప్పేశారు. గళ్ళ అచ్చు దగ్గర్నుంచి దూది దాకా, ఒక్కటీ వదల్లేదు.

పిల్ల అరవలేదు. అరిస్తే బాగుండేది. వయొలిన్‌ని పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది.

"ఎందుకు నాన్నా?"

"మంచిదో కాదో చూద్దామని, తల్లీ."

"నేను వాయించి చూశాను కదా."

పిల్ల గుమ్మం దాకా వెళ్ళి, ఇటు తిరక్కుండానే, "ఆవిడకి చెప్పకండి. చెప్తే ఇవ్వదు," అంది. ఆ తర్వాత తండ్రితో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలన్నా నన్నే అడిగేది, అది ఆయన చేతిపక్కనే ఉన్నా సరే.

మిగిలిన ఆ కొద్దిరోజులూ మా ఇల్లు మా ఇల్లులా లేదు. పిల్ల తలుపు వేసుకుని వాయించుకునేది. ఆయన ఆ తలుపు బయట చెవి ఆనించి నిలబడేవారు, పాట కోసం కాదు, ఎక్కడ ఏ ముక్క ఊడిపడుతుందోనని. షాపులో ఒక బీరువాకి ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు వేశారట. అద్దాలాయనకి ఏమైందని యజమాని మనిషిచేత అడిగించాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆయన పరిస్థితి. వయొలిన్ మంచిది కాదని వెనక్కి ఇద్దామంటే, చెడగొట్టినదాన్ని ఇచ్చినట్టవుతుంది. మాట్లాడకుండా కొనుక్కుందామంటే గొంతు దిగదు.

"మనమే కొంటున్నాం కదండీ," అన్నాను. "మన వస్తువు, మన మచ్చ. మధ్యలో ఆవిడకేం నష్టం?" ఇప్పటికీ నా మాటలో తప్పేముందో నాకు తెలియదు.

ఆయన గోడవంక చూస్తూ అన్నారు. "నేను వేసిన బల్లమీద ఒకసారి ఎవరో బూట్‌పాలిష్ పూసి తెచ్చారు. మేమేం ముట్టుకోలేదన్నారు. నా పనిమీద ఇంకో చెయ్యి పడితే నాకు తెలీదా? ఆ రోజు నాకు ఎలా ఉందో నీకు చెప్పలేదు."

"చెప్పలేదు. ఇప్పుడూ చెప్పక్కర్లేదు. పిల్ల పరీక్ష గురించి ఆలోచించండి."

"దాని గురించే ఆలోచిస్తున్నా," అన్నారు. అప్పటికి ఆ మాట ఆగింది.

వారం గడిచిన రోజు ముగ్గురం బయల్దేరాం. బస్సులో ఆయన పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డారు. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని, ఏమంటే ఏం మునుగుతుందోనని ఏమీ అనలేదు. డాక్టరమ్మ మెట్ల దగ్గర ఆయన చొక్కా పట్టుకుని ఆపాను.

"కొంటున్నామని చెప్పి వచ్చేద్దాం. అంతే. సరేనా?"

ఆయన తలూపారు. నేను నమ్మాను.

లోపల అంతా సాఫీగా జరిగిపోయింది. "ఇదే కావాలండీ," అంది పిల్ల. డాక్టరమ్మ వయొలిన్‌ని ఒకసారి ఎత్తి, వీపు చూసి, తీగలు మీటి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టింది. గడ్డంపట్టీ వంక చూడను కూడా లేదు. ఇవ్వాల్సింది ఇచ్చాం, పుచ్చుకోవాల్సింది పుచ్చుకున్నాం. పిల్ల పెట్టె భుజాన వేసుకుని మెట్లెక్కింది. వెనక నేను. నాకు ప్రాణం లేచొచ్చింది. నా వెనక మా ఆయన అడుగుల చప్పుడు లేదు.

తిరిగి చూస్తే, ఆయన గది మధ్యలో అలాగే నిలబడి ఉన్నారు.

"అమ్మా," అంటున్నారు డాక్టరమ్మతో. "మీరు విప్పొద్దన్నారు. నేను విప్పాను."

పిల్ల మెట్టుమీదే ఆగిపోయింది.

ఆయన చెబుతున్నంతసేపూ డాక్టరమ్మ చేతిలో ఉన్న గుడ్డ మడత పెడుతూనే ఉంది. అయిపోయాక పిల్లవైపు చెయ్యి చాపింది. పిల్ల దిగొచ్చి పెట్టె ఇచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూడలేక నేను తీగమీద ఆరేసిన వయొలిన్ల వంక చూశాను. డాక్టరమ్మ పట్టీ మరలు విప్పి, వయొలిన్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మా ఆయన వేలు చూపించబోయారు.

"చెప్పొద్దు. నేనే చూస్తాను."

ఇటు వాల్చింది, అటు వాల్చింది. కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని కన్ను దగ్గరికి తెచ్చింది.

"ఇదుగో," అంది చివరికి. "మిగతా ఒంటికంటే ఇక్కడ ఎక్కువ బాగుంది. అందుకే దొరికింది."

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆవిడ కూడా నవ్వలేదు.

"విప్పొద్దన్నానా లేదా?"

"అన్నారమ్మా."

"మరి?"

"నేను చూసేవన్నీ పాడైనవే. ఇది ఎప్పుడు పాడవుతుందో ముందే తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేవాళ్ళు?"

"తెలీదమ్మా," అన్నారు.

అంత నిజంగా చెప్పేసరికి ఆవిడ కోపానికి పట్టు దొరికినట్టు లేదు. వయొలిన్‌ని బల్లమీద పెట్టి, గోడకున్న ఇంకోదాన్ని దించింది. బాగా పాతది. ఎవరో పెద్దావిడదట, తీగలు మార్చమని ఇచ్చి వెళ్ళింది. మెడ మొదట్లో, వాయించేటప్పుడు అరచెయ్యి ఆనే భుజం దగ్గర, వార్నిష్ అన్నదే లేదు. చెక్క బట్టబయలై, చెయ్యి రాసుకుని రాసుకుని నల్లగా నున్నబడి ఉంది. అడుగున వాయించేవాళ్ళ మెడ తగిలేచోటా అంతే. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ముందుకి వంగి చూశారు. దెబ్బ తగిలిన మనిషిని చూసినట్టే చూశారు.

"దీనికి మళ్ళీ పూత వెయ్యరా అమ్మా?"

"వేస్తే ఆవిడ నామీద కేసు పెడుతుంది," అంది డాక్టరమ్మ. "మీ టేబుల్‌కి ఏమీ కాకూడదు. దీనికి రోజూ ఏదో ఒకటి అవుతుంది. గట్టిగా, మందంగా వేస్తే గొంతు పట్టేస్తుంది. అందుకే పల్చగా, మెత్తగా వేస్తాం. కొత్తలో గుడ్డ అచ్చు పడుతుంది, కొన్నాళ్ళకి మానుతుంది. ఈ అమ్మాయి చెయ్యి ఆనినచోట ఎలాగూ పోతుంది. స్పిరిట్‌కి కరిగిందంటే దాని తప్పు కాదు, అది అలాంటిదే."

"మరి నేను వేసింది?"

"అది టేబుల్‌కి వేసేది. రాయిలా గట్టిది."

ఆయన తల దించుకున్నారు. డాక్టరమ్మ పిల్లవైపు తిరిగింది.

"అమ్మాయ్, మచ్చపడ్డదాన్ని ఆ ఇంకో ఇంటివాళ్ళకి ఎలాగూ ఇవ్వను. నీకు అమ్మినదాన్ని వెనక్కి తీసుకోను. కానీ మీ నాన్న వేసింది తీసేసి, నాది వేసి ఆరబెట్టాలంటే నీ పరీక్ష దాటిపోతుంది. కావాలంటే పరీక్షయ్యాక తీసుకురా, తీసేస్తాను. లేదంటే అలాగే ఉంచుకో. తియ్యాలా, ఉంచాలా, ఇప్పుడే చెప్పు. రాసిపెట్టుకుంటాను."

ఆ ఆదివారం నుంచి పిల్ల తండ్రి ముఖం చూసి మాట్లాడింది లేదు. అప్పుడు కూడా ఆయన్ని చూడలేదు. వయొలిన్‌నే చూస్తూ అడిగింది.

"దానివల్ల శబ్దం మారుతుందా?"

"గోరంతకి ఏం మారుతుంది."

"అయితే ఉంచండి." ఇంకా చిన్న గొంతుతో అంది. "అక్కడ నా గడ్డమే కదా ఉండేది."

మా ఆయన ఏమంటారోనని చూశాను. ఆ మనిషి ఏమంటారు, అలవాటు ఎక్కడికి పోతుంది? మళ్ళీ భయమే బయటపెట్టారు.

"కొన్నాళ్ళకి చుట్టూ ఉన్నది అరిగిపోతే అమ్మా, నాది కూడా లేచిపోతుందేమో. అప్పుడు చెక్కకి..."

"చుట్టూ ఉన్నదే పోతుంది," అంది డాక్టరమ్మ, పట్టీ మరలు బిగిస్తూ. "మీది పోదు. దానిమీద ఈ పట్టీ, పట్టీమీద ఈ అమ్మాయి గడ్డం. దాన్ని ముట్టుకునేదెవరు? ఇది మొత్తం అరిగిపోయిన రోజున కూడా అదొక్కటీ ఉంటుంది."

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నోరు మూసుకోమని చెప్పింది నేను, నోరు తెరిచింది గొడుగుకి కూడా భయపడే మనిషి. మెట్లెక్కేటప్పుడు పిల్ల పెట్టెని ఎడంభుజం మీంచి కుడిభుజం మీదకి మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. బస్సులో ఆయన కూర్చున్నారు.

పిల్లకి సంగీత పాఠశాలలో సీటొచ్చింది. ఇప్పుడది వేరే ఊళ్ళో ఒక వాద్యబృందంలో వాయిస్తోంది. ఆ వయొలిన్ భుజం దగ్గర, డాక్టరమ్మ చెప్పినట్టే, రంగు పోవడం మొదలైంది. ముందు కాస్త వెలిసింది, తర్వాత పల్చబడింది, ఇప్పుడు రూపాయిబిళ్ళంత మేర చెక్క కనబడుతోంది. పిల్ల సెలవులకి వచ్చినప్పుడల్లా మా ఆయన దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతారు. టీ ఇస్తారు, ప్రయాణం ఎలా జరిగిందంటారు, బస్సు దొరికిందా అంటారు. ఆగి ఆగి చివరికి అడుగుతారు.

"ఒక్కసారి ఇలా ఇస్తావా తల్లీ? ఏం చెయ్యను. చూస్తానంతే."

పిల్ల పెట్టె తెరిచి, వయొలిన్ తీసి ఆయన చేతుల్లో పెడుతుంది. పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోతుంది.